నాలుగు వందల పదాలకి అంత తిరగాలా?

ఈ నెలలో, పత్రికకి ఫీచర్లు (మనుషుల మీద కథనాలు) రాసే ముగ్గురు అడిగారు ఈ మాట. "చిన్న ఫీచరే కదా మేడమ్, ఫోన్లో మాట్లాడి రాసేశాను." ఆ సంగతి చదవగానే తెలిసిపోతుంది. ‘ముఖంలో అలసట, కళ్ళలో ఆశ’ అని మొదలవుతుంది మరి. ఫోన్లో కళ్ళెలా కనబడ్డాయమ్మా అంటే నవ్వేస్తారు.

చిన్న ఫీచర్‌కి కొంచెం రిపోర్టింగ్ చాలనేది మన దగ్గర పాతుకుపోయిన భ్రమ. పెద్ద కథనంలో రెండు పేరాలు తేలిపోయినా మిగతావి లాక్కొస్తాయి. నాలుగు వందల పదాల్లో ఒక్క వాక్యం ఉత్తిదైనా దొరికిపోతాం.

నేనూ తక్కువేం తినలేదు లెండి. కొత్తలో ఒక లిఫ్ట్ ఆపరేటర్ మీద రాశాను. ఇరవై నిమిషాల ఫోన్ కాల్ మీద! లిఫ్టులాగే ఆయన జీవితంలోనూ ఎక్కడం దిగడమేనని ఓ పోలిక పెట్టి తెగ మురిసిపోయాను. ఎడిటర్ ఆ వాక్యం కొట్టేసి, "ఆయన కూర్చుంటాడా, నిలబడతాడా?" అని అడిగారు. నాకు తెలీదు. మర్నాడు వెళ్ళి రెండు గంటలు ఆ లిఫ్టులోనే ఉన్నాను. మూలన పొట్టి స్టూలు. దాని మీద కూర్చుంటే ఎక్కేవాళ్ళ మొహాల కన్నా ముందు చెప్పులు కనిపిస్తాయి. ఆయన చెప్పులు చూసి, ఎవరూ అడక్కుండానే బటన్ నొక్కేస్తున్నాడు. ఒక్కసారే తప్పాడు. ఎక్కినాయన ఆరోజే కొత్త బూట్లు వేసుకొచ్చాడు. పాత డ్రాఫ్ట్ మొత్తం చింపేశాను.

1963 నవంబర్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ అంత్యక్రియల గురించి రాయడానికి న్యూయార్క్ విలేకరి జిమ్మీ బ్రెస్లిన్, ఆర్లింగ్టన్ శ్మశానంలో ఆయనకి గొయ్యి తవ్విన క్లిఫ్టన్ పొలార్డ్‌ని పట్టుకున్నాడు. గంటకి 3.01 డాలర్ల కూలి. ఆ ఒక్క సెంటు చూడండి, అడిగినవాడికే దొరుకుతుంది. అంత్యక్రియల వేళకి పొలార్డ్ అదే శ్మశానంలో ఇంకోచోట వేరే గోతులు తవ్వుతున్నాడు. దీని ముందు ఏ విశేషణమైనా దిగదుడుపే.

అడగకుండా కల్పిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 1980లో వాషింగ్టన్ పోస్ట్‌లో జానెట్ కుక్ ఎనిమిదేళ్ళ హెరాయిన్ బానిస కథ రాసింది. మరుసటి ఏడు పత్రికా రచనకిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది, అలాంటి పిల్లాడే లేడని తేలాక వెనక్కి పోయింది. "మేమంత చెయ్యలేదుగా" అంటారు. నిజమే. చూడని కళ్ళలో ఆశ మాత్రం రాశారు.

తప్పంతా రాసేవాళ్ళదే అనను. రోజుకి రెండు ఫీచర్లు అడిగి, వెళ్ళొచ్చే టైమ్ కూడా ఇవ్వని డెస్కులకి ముందు తగలాలి ఈ తిట్లు.

నిన్న ఒకమ్మాయి దర్జీ మీద రాసిన డ్రాఫ్ట్ తిప్పి పంపాను, ‘కత్తెర ఏ చేత్తో పడతాడు?’ అని ఒక్క ముక్క రాసి. ఇవాళ మెసేజ్: "ఎడమ చేతివాటం మేడమ్. కత్తెర మాత్రం కుడిచేతివాళ్ళది. బొటనవేలు ఒరుసుకుపోతుందని గుడ్డ చుట్టుకుంటాడు. రేపు మళ్ళీ వెళ్తున్నా."