చిన్న పట్టాల దారిని నడిచేవారికి వదలాలి

గిద్దలూరు దాటి నంద్యాల వైపు సాగే రైలు దిగువమెట్ట స్టేషను విడిచి నల్లమలలోకి దూరాక, కిటికీ పక్కన కూర్చున్నవారికి అడవి తప్ప మరొకటి కనబడదు. ఆ అడవిలోనే, ఇప్పటి పట్టాలకు ఎడంగా, 1990ల్లో వదిలేసిన మీటరుగేజి (పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉండే) రైలు దారి ఉంది. 1876–78 నాటి మహాకరువు, మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నది, ముగిశాక కరువు సీమలకు తిండిగింజలు చేరవేయడానికి తలపెట్టిన రైలు మార్గాల్లో ఇదొకటి. 1,000 మిల్లీమీటర్ల గేజిని 1,676 మిల్లీమీటర్లకు మార్చేటప్పుడు కనుమలో కొత్త దారి తీయడంతో పాతది పక్కన పడింది. నంద్యాల వైపున ఉన్న దొరబావి వంతెన కూడా ఆ పాత దారిదే.

ఈ పాత రైలుకట్టను మిత్రబృందాలు నడిచే బాటగా, కట్టుదిట్టమైన షరతులతో, తెరవాలన్నది నా అభిప్రాయం. కొండ ఎక్కే కాలిబాటకు లేని గుణం రైలుకట్టకు ఉంది. కాలిబాట దగ్గరి దారి వెతుక్కుంటూ నిటారుగా ఎక్కుతుంది కనుక గట్టివాళ్లు ముందుకు పోతారు, మిగిలినవాళ్లు ఆయాసపడుతూ వెనకబడతారు. ఆవిరి ఇంజను నిటారు వాలు ఎక్కలేదు. అందువల్ల నాటి ఇంజనీర్లు కొండను చుట్టి, గట్టును తొలిచి, పల్లంలో కట్ట పోసి, కాలికి తెలియనంత మెల్లగా దారిని పైకి తీసుకువెళ్లారు. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవగలిగే కొండదారి మన జిల్లాల్లో ఇంకెక్కడుందో నాకైతే తెలియదు.

గత మాఘమాసంలో ఒంగోలు నుంచి వెళ్లిన మేము ఆరుగురం, అటవీశాఖ అనుమతితో, ఒక చెంచు యువకుణ్ణి తోడు తీసుకుని, ఈ కట్ట మీద కొంత దూరం నడిచాం. పట్టాలు లేవు, కంకర మాత్రం ఎండుటాకుల కింద ఇంకా గుల్లగా కదులుతోంది. ఒకచోట సున్నంతో కట్టిన ఇటుక తూము, కమాను చెక్కుచెదరకుండా, నిలిచి ఉంది. లోపలికి వంగి చూడబోయిన మిత్రుణ్ణి ఆ యువకుడు భుజం పట్టి ఆపి, తూము నోట్లో పడి ఉన్న ఏదుపంది ముల్లును చూపించాడు. ఎండాకాలం ఇలాంటి నీడల్లో ఎలుగులు కూడా పడుకుంటాయట.

ఇది పులుల అభయారణ్య ప్రాంతం, మనుషుల రాకపోకలు పెరగకూడదు అనేవారి మాటను అందుకే తోసిపుచ్చలేను. సిమెంటు బాట, దీపాలు, టిఫిను బండ్లు వస్తే ఈ దారి ఉన్నా లేనట్టే. నంద్యాల–గిద్దలూరు రోడ్డు మీద పచ్చర్లలో అటవీశాఖ జంగిల్ క్యాంప్ ఇప్పటికే ఉంది. దానికి అనుబంధంగా, రోజుకు ఒకటి రెండు చిన్న బృందాలను, పగటిపూట మాత్రమే, చెంచు మార్గదర్శి వెంట పంపితే సరిపోతుంది.

నడుస్తున్న పట్టాల సంగతి పూర్తిగా వేరు. రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షను ప్రకారం పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నెల్లూరు–గూడూరు వంటి రద్దీ మార్గంలో ఒక రైలు రొదలో మరో రైలు రావడం వినబడదు. అక్కడ సెల్ఫీల కోసం తిరిగే కుర్రవాళ్లను మందలిస్తే చాలదు, నడవదగిన చోటేదో కూడా చూపించాలి.

అమెరికాలో 1983లో చట్టాన్ని సవరించి, రైళ్లు ఆగిపోయిన మార్గాలను ముక్కలు కానీయకుండా నడకబాటలుగా వాడుకునే వీలు కల్పించారు. అక్కడి నుంచి మనం తీసుకోవలసింది ఆ ముందుచూపు ఒక్కటే: కట్టకు విలువ అది తెగకుండా ఉన్నంత కాలమే. గిద్దలూరు, నంద్యాల మీదుగా పోయే ఈ గుంటూరు–గుంతకల్లు మార్గంలో రెండో లైను పనులు జరుగుతున్న ఈ రోజుల్లోనే పాత దారిని కూడా సర్వే చేసి, ఏ తూము నిలిచిందో, కట్ట ఎక్కడ తెగిందో పటంలోకి ఎక్కించాలి. మేము నడిచిన కొద్ది దూరంలోనే రెండుచోట్ల వాగు కట్టను కోసేసింది. అంతవరకు మాతో సమానంగా కబుర్లు చెబుతూ వచ్చిన మా రిటైర్డ్ మాస్టారు అక్కడ చెప్పులు చేతబట్టుకుని వాగులోకి దిగారు. ఇద్దరు చెయ్యి అందిస్తేగాని అవతలి గట్టు ఎక్కలేకపోయారు.