పొట్టి సౌండు కార్డు సామికి ఒక విన్నపం

సామీ,

ఉభయకుశలోపరి. తిరుపతిలో ఎండలు మండిపోతున్నా మేమంతా క్షేమం. టీవీ కింద అరలో, ఊపిరాడని ఆ క్యాబినెట్‌లో నువ్వు కూడా క్షేమమే అనుకుంటాను. మా ఊళ్ళో ఆటో ఆయనా సామే, అరటిపళ్ళ బండాయనా సామే, కాబట్టి ఆ పిలుపుకు నువ్వేమీ పొంగిపోనక్కర్లేదు. అయితే నీ విషయంలో ఆ మాట కాస్త ఎక్కువ నప్పుతుంది. అలిపిరి నుంచి కొండకు మెట్లు 3,550. నీ కోసం తిరిగిన తిరుగుడుకు వాటిని రెండు విడతలు ఎక్కి దిగి ఉండొచ్చు.

గొడవంతా మా ఆవిడ పెట్టిన షరతుతో మొదలైంది. హాల్లో పెద్ద డబ్బా కనపడకూడదు. టీవీ స్టాండు అరలో దూరితేనే కంప్యూటరు, లేకపోతే లేదు. సరేనని బక్కపలచని క్యాబినెట్ కొన్నాను. మా ఆంప్లిఫయర్ పాతకాలపు మనిషి. బొమ్మా శబ్దమూ ఒకే తీగలో పంపే హెచ్‌డీఎంఐ దానికి తెలీదు, వెనకాల వెలుతురు తీగ గుచ్చే ఆప్టికల్ సాకెట్ మాత్రం ఒకటుంది. కంప్యూటరు లోపలి మదర్‌బోర్డుకేమో ఆప్టికల్ లేదు. ఈ ఇద్దరికీ సంబంధం కుదర్చడానికి ఒక పేరయ్య కావాలి. అది నువ్వు.

మొదట ఇంటికొచ్చినవాడు నువ్వు కాదు, పీసీఐ అనే పాతరకం కార్డు. నా బోర్డులో కార్డు గుచ్చడానికి ఉన్నది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు. ఇంటిపేరు కలిసింది, అంతే. చుట్టరికం లేదు. వాపసు.

రెండోసారి జాగ్రత్తపడి పదిహేను రాత్రులు నిద్ర మానుకుని అంకెలు చదివాను. పాటకూ రొదకూ మధ్య దూరం 116 డెసిబెల్స్ అని నీ పెట్టె మీద రాసుంది. 16 బిట్ల సీడీ లెక్కే సుమారు 96. మరి నువ్వెంత గొప్పవాడివి! 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్, బంగారు పూత జాక్‌లు. ఆ వైభోగానికి వెయ్యి రూపాయలు ఎక్కువే ఇచ్చాను. మా హాల్లో సీలింగ్ ఫ్యాను, వంటింట్లో మిక్సీ, కింద బోరు మోటారు కలిసి కచేరీ చేస్తుంటే ఆ 116లో నా చెవిదాకా ఎన్ని వస్తాయో అప్పుడు ఆలోచించలేదు. అసలు సంగతి ఇంకా తర్వాత తెలిసింది. ఆ లెక్క నీ జాక్‌లలోంచి వచ్చే శబ్దానిది. నేను వాడేది ఆప్టికల్. అందులో వెళ్ళేది శబ్దం కాదు, ఎర్రటి వెలుతురులో మిణుకుమనే అంకెలు. వాటిని శబ్దంగా మార్చేది అవతలున్న ముసలి ఆంప్లిఫయరే. నీ గొంతు ఎంత తీయనిదైనా నేను వినేది దాని గొంతు! కల్యాణకట్టలో గుండు చేయించుకుని బయటికొచ్చినవాడికి దువ్వెన అంటగట్టావు కదా సామీ, అదీ దంతపు దువ్వెన.

పోనీ, అది చిన్న బాధ. పెద్ద బాధ నీ రేకు.

'లో ప్రొఫైల్' అని నువ్వే రాసుకున్నావు. నీ బోర్డు నిజంగానే పొట్టిది. కానీ నిన్ను క్యాబినెట్ వెనక గోడకు బిగించడానికి తగిలించి పంపిన ఇనప రేకు పెద్ద క్యాబినెట్లది, 12 సెంటీమీటర్లు. నా క్యాబినెట్‌కు కావాల్సింది 8 సెంటీమీటర్ల పొట్టి రేకు. అది కూడా లోపలే ఉందని పెట్టె మీద బొమ్మ వేశారు. వెతికాను. ఎనిమిది భాషల పుస్తకం ఉంది, ఎవరూ వాడని సీడీ ఉంది, తేమ పీల్చే పొట్లం ఉంది. రేకు లేదు. కొన్నచోట అడిగితే, "రేకుదేముంది సార్, క్యాబినెట్ మూత తీసేసి వాడుకోండి" అన్నాడు పిల్లాడు. బల్లి దూరితే? "అది కూడా పాటలు వింటుంది సార్." ఇంకో అంగట్లో, "చెన్నైలో రిచీ స్ట్రీటుకు పోతే దొరకొచ్చన్నా" అన్నారు. బొటనవేలంత వెడల్పు రేకు కోసం సప్తగిరి ఎక్స్‌ప్రెస్సెక్కి రాష్ట్రం దాటాలన్నమాట.

చివరికి మా వీధి మొగలో బకెట్లకు అడుగులు వేసే తాత దగ్గరికి తీసుకుపోయాను. నిన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. నీ డెసిబెల్స్ అడగలేదు. రేకు ఊడదీసి, కత్తెరతో కోసి, పట్టకారుతో కొసను మడిచి, స్క్రూకు బెజ్జం కొట్టి చేతిలో పెట్టాడు. ఇరవై రూపాయలు. "ఇంత డబ్బు పోసి కొన్నదానికి కొలతకు రేకు ఎయ్యలేకపాయెనా నైనా?" అన్నాడు. ఏం చెప్పను?

కొలువుదీరాక కూడా ఊరికే పలికావా? ముందు రెండు స్పీకర్లే మోగాయి, వెనకవి మౌనవ్రతం. ఆప్టికల్ దారి సన్నది. 1983లో తోషిబా దాన్ని తెచ్చింది సీడీ ప్లేయర్ల కోసం, వాటికి రెండు చానళ్ళు, అంటే కుడి ఎడమ స్పీకర్ల శబ్దాలు, దాటితే చాలు. వెనక స్పీకర్లతో కలిపి ఆరు చానళ్ళు దాటాలంటే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి మూట కట్టాలి. డీవీడీ సినిమాల్లో ఆ మూట చాలావరకు ముందే ఉంటుంది, దాన్ని విప్పకుండా అటు పంపమని ప్లేయర్ సెట్టింగ్స్‌లో ఒక్క టిక్కు పెట్టాలి. ఆ టిక్కు దొరకడానికి రెండు రోజులు పట్టింది. బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ అనే పెద్ద మూట అయితే ఈ సందులో పట్టనే పట్టదు, దానికి హెచ్‌డీఎంఐ ఉండాలి.

ఒక్క మేలు మాత్రం మర్చిపోను. మునుపు మామూలు జాక్ తీగ పెడితే స్పీకర్లలో 'మ్‌మ్‌మ్' అని ఒకటే మూలుగు, ఎర్తింగు తేడాల వల్ల మన 50 హెర్ట్జ్ కరెంటు చేసే మూలుగు. వెలుతురు తీగలో రాగి లేదు కదా, అది ఇటు దాటి రాలేకపోయింది. నువ్వొచ్చాక ఆ రోగి ఇంట్లోంచి లేచిపోయాడు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం సినిమా పెట్టాను. అమ్మ సోఫాలో కునుకు తీస్తోంది. తెర మీద ఇంకా మబ్బే పట్టలేదు, వెనక స్పీకర్లలో ఎక్కడో దూరంగా ఉరిమింది. అమ్మ దిగ్గున లేచి, "ఒరే, వానరా! మిద్దె మీద వడియాలు!" అంటూ చాట పట్టుకుని మెట్లెక్కేసింది. నేను రిమోట్ వెతికి ఆపేలోపే పైనుంచి కేక. "యాడరా వాన? ఎండ పెళపెళా కాస్తావుంటే!"

నిజం తెలిస్తే నిన్ను ఊడబెరికిందాకా ఊరుకోదు సామీ. రేణిగుంట పక్క ఏదో మబ్బు ఉరిమి పోయిందని చెప్పాను. నువ్వు కూడా అదే మాట మీదుండు.

ఇట్లు,
నీ బోడిగుండు భక్తుడు