మా అమ్మ చేసిన తప్పేటి?

బండి ఇప్పుడే పలాస దాటింది. అమ్మ కిటికీ పక్కన జీడిపప్పు పొట్లం ఒళ్లో పెట్టుకుని కునుకుతోంది. నాకైతే రాత్రంతా నిద్ర లేదు. ఫోన్లో చార్జింగ్ 23 శాతం ఉంది, అదయిపోయేలోపు కడుపులో ఉన్నదంతా కక్కేస్తాను. కాస్త ఓపిక పట్టండి.

విశాఖలో 'ఇమ్మర్సివ్ థియేటర్' అట. మా అమ్మాయి బుక్ చేసింది. మనిషికి 1,800, ముగ్గురికి 5,400. వేదిక ఉండదట, కుర్చీలుండవట, మనమే ఆ బంగళాకి వచ్చిన చుట్టాలమట, కథలో మనమూ పాత్రలమేనట. మెసేజ్‌లో అదే రాశారు, చివర్లో మూడు మెరుపు బొమ్మలు పెట్టి మరీ. సరే, చుట్టాలమన్నారు కదా అని ఇస్త్రీ చీరలు కట్టుకుని వెళ్లాం.

దొరల కాలం నాటి బంగళా సెట్టు. మసక లైట్లు, ఎముకలు కొరికే ఏసీ. ఒక్కో గదిలో ఒక్కో సీను, మనం వాళ్ల వెనకాలే తిరగాలి. అమ్మకి 74 ఏళ్లు. మోకాళ్లు పట్టుకుని మూడు గదులు తిరిగింది పాపం, ఒక్క మాట అనలేదు. నాలుగో గదిలో హీరోయిన్ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చి, సరిగ్గా అమ్మ ముందే ఆగి, కళ్లల్లోకి చూసి, "నా భర్తని చూశారా? ఎటు వెళ్లాడు?" అంది.

అడిగితే చెప్పరా ఎవరైనా? అమ్మ చెప్పింది. "ఆ బీరువా ఎనకాల నక్కినాడు తల్లీ. సేతిలో ఏటో మెరుస్తన్నాది, నువ్వటేపు ఎల్లకు!" చెప్పడమే కాదు, ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపేసింది.

గదంతా ఘొల్లుమంది. ఆ పిల్లకి తర్వాత డైలాగు రాలేదు. బీరువా వెనకాల ఎవరో దగ్గారు. ఎక్కడినుంచి ఊడిపడ్డాడో నల్ల టీషర్టు కుర్రాడొకడు వచ్చి, "అమ్మా, సైలెంట్‌గా ఉండాలి. ఆర్టిస్టుల్ని ముట్టుకోకూడదు. మీ వల్ల మిగతావాళ్లకి ఎక్స్‌పీరియన్స్ పాడవుతోంది" అని అందరి ముందూ అన్నాడు. అమ్మ చెయ్యి వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కడుపు మండింది ఆ కొంగు చూసే.

అయ్యా, నోరెత్తని చుట్టాలు కావాలంటే బొమ్మల్ని నిలబెట్టుకోండి. మనిషిని ఎదురుగా నిలబెట్టి ప్రశ్న అడిగి, జవాబు చెబితే తప్పంటే ఎలా?

మా అమ్మాయి సర్దిచెప్పబోయింది. న్యూయార్క్‌లో 'స్లీప్ నో మోర్' అని ఉండేదట, 2011 నుంచి 2025 జనవరి దాకా ఆడిందట, అక్కడ ప్రేక్షకులందరికీ తెల్ల మాస్కులిచ్చి మాట్లాడకుండా తిరగమనేవారట. అదే నేనూ అంటున్నా! వాళ్లు గుమ్మంలోనే మాస్కు తగిలించి ఇంక నోరెత్తొద్దు అన్నారు, లెక్క తేలిపోయింది. వీళ్లు నోరు తెరిపించి తిడుతున్నారు. పెద్ద పెద్ద మ్యూజికల్స్ (అదే, పాటల నాటకాలు) కూడా నయం. ముంబైలో 2025 మార్చిలో 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' చూసొచ్చిన మా మరిది ఇప్పటికీ ఆ షాండ్లియర్ (పైన వేలాడే పెద్ద దీపాల గుత్తి) పడటం గురించే చెబుతాడు (అన్నం తింటున్నా వదలడు). పడనీ. అక్కడ నేను కుర్చీలో కూర్చుంటా, వాళ్లు పాడతారు, నన్నెవరూ మీ ఆయన్ని చూశారా అని అడగరు.

అసలు ఎవరికి నేర్పుతున్నారండీ ఇమ్మర్సివ్? బర్‌గఢ్ ధనుయాత్రలో (ఒడిశాలో కృష్ణుడి కథ ఆడే పండగ) ఊరికి ఊరే పదకొండు రోజులు మధుర అయిపోతుంది, పక్కనున్న అంబాపాలి గోపపురం, జీరా నది యమున. కంసుడు ఏనుగెక్కి తిరుగుతూ పెద్ద పెద్ద ఆఫీసర్లకి కూడా జరిమానా వేస్తాడు. జనం నోరుమూసుకుంటారా? అంత దూరం దేనికి, ఒడిశాలోనే మా బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్ర చాలదా! రెండేళ్లకోసారి అమ్మవారు తెలుగు నేతగాళ్ల పెద్ద దేశిబెహరా ఇంటికి, అంటే పుట్టింటికి వస్తుంది. మొక్కున్నవాళ్లంతా వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. పులివేషం వాడు మా గుమ్మం దాకా వచ్చి గర్జిస్తే, మా అమ్మ చేటతో అదిలించేది. వాడింకా రెండు గంతులేసి, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లేవాడు.

ఇక ప్రహ్లాద నాటకం. మా గంజాం జిల్లా సొత్తు. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ రాయించిన మ్యూజికల్, మరేటి అనుకున్నారు? మెట్లు మెట్లుగా బల్లలు కట్టి, హిరణ్యకశిపుడు పాడుకుంటూ ఎక్కుతూ దిగుతూ ఉంటే తెల్లారిపోతుంది. చిన్నప్పుడు నేను చాప మీద నిద్రపోయేదాన్ని. స్తంభం దగ్గరికొచ్చేసరికి అమ్మ గిల్లి లేపేది. నరసింహుడి ముఖం తగిలించుకున్నవాడికి పూనకం వచ్చేది, మగాళ్లు నడుం దగ్గర పట్టుకుని వెనక్కి లాగేవాళ్లు, ఆడవాళ్లు చంకలో పిల్లల్తో సహా లేచి నిలబడేవాళ్లు. టికెట్టు లేదు, టీషర్టు కుర్రాడు లేడు.

ఆ కుర్రాడి సంగతికొస్తే, అసలు మంట ఇక్కడుంది. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే వెనకాలే వచ్చి, "సారీ అండీ, మీరు ఒరియావాళ్లా? తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అన్నాడు.

బాగానే!

నాయనా, మీరు మాట్లాడినట్టే రాసుకుంటున్నారంటే దాని కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోట్లాడింది మా వైపు పర్లాకిమిడిలో కూర్చునే. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు కడుపు మండి రాజమండ్రి వెళ్లిపోయారాయన. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మీరే దండలేస్తారు, పక్కరోజు మా తెలుగు విని నవ్వుతారు. రాష్ట్రపతి వి.వి.గిరి పుట్టింది మా బరంపురంలో, ఆయన్నీ అడిగేవారా తెలుగెక్కడ నేర్చుకున్నారని?

2001లో నా పెళ్లయింది. పాతికేళ్లు కావొస్తున్నా మా అత్తగారి చెల్లెలికి నేనింకా 'ఒరిస్సా పిల్ల'నే. నేను 'ఏటి' అంటే వంటింట్లో నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, అదే 'ఏటి' సినిమాలో కమెడియన్ అంటే ఈలలు. ఇటు మా బరంపురం బజార్లో బేరమాడితే 'తెలంగా' (తెలుగుది) అంటారు. ఏ వేషం కట్టాలో తేల్చి చెప్పండి, కట్టుకుంటాం. నా పెళ్లిలో అప్పగింతల వేళ అమ్మ ఏడుస్తూ అన్న మాటకి కూడా ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో నాకు తెలుసు, ఈ పోస్టు ఆవిడ కూడా చదువుతుంది. చదవనీ.

ఇచ్ఛాపురం వస్తున్నట్టుంది. అమ్మ లేచింది. కళ్లజోడు సర్దుకుని మొట్టమొదట అడిగిన మాట: "ఇంతకీ సంపినోడెవడే?"

తెలీదు. మధ్యలో లేచొచ్చేశాం కదా. 5,400 కట్టి హంతకుడెవడో తెలీకుండా బరంపురం వెళ్తున్నాం. మీలో ఎవరైనా అది చూసుంటే కింద రాయండి. అమ్మ మాత్రం ఆ బీరువా ఎనకాలోడే అంటోంది.