కుక్కను తీసుకెళ్లి బాగుచేసి తెచ్చివ్వమని నన్ను అడగకండి

"మా కుక్కను ఒక నెల మీ దగ్గరే ఉంచుకుని బాగుచేసి పంపించండి. ఖర్చు ఎంతైనా ఫర్వాలేదు." కుక్కలకు శిక్షణ ఇచ్చే ఈ వృత్తిలో ఇన్నేళ్లుగా ఉన్నాను. నన్ను ఇంతగా నొప్పించే మాట మరొకటి లేదు. అడిగేవాళ్లకు కుక్క మీద ప్రేమ లేదని కాదు. గుమ్మంలోకి ఎవరు వచ్చినా మీదికి ఉరుకుతోంది, ఒంటరిగా వదిలితే తలుపంతా గీకేస్తోంది, నిన్న చిన్నపిల్లాడి మీద గుర్రుమంది. నిద్ర కరువై, భయపడి, విసిగి వేసారి ఫోను చేస్తారు. ఆ బాధ నాకు తెలుసు. అయినా నేను కుక్కను తీసుకెళ్లను. నేనే మీ ఇంటికి వస్తాను.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అందరిలాగే మైదానంలోనే శిక్షణ ఇచ్చేదాన్ని. కూర్చో, పడుకో, ఆగు, రా. అక్కడ చెప్పిన మాట చెప్పినట్టు వినే కుక్క, ఇంటి గడప తొక్కగానే మళ్లీ మామూలే. దాన్ని మొండితనం అనుకుంటారు, కాదు. కుక్క ఏ పనినీ విడిగా నేర్చుకోదు. ఆ చోటు, అక్కడి వాసనలు, ఎదురుగా ఉన్న మనిషి, పట్టీ పట్టుకున్న తీరు, అన్నీ కలిపి నేర్చుకుంటుంది. మైదానంలో కూర్చోవడం నేర్చిన కుక్కకు వంటగదిలో కూర్చోవడం దాదాపు కొత్త పాఠమే. పైగా చిక్కంతా ఇంట్లోనే ఉంది. మోగే బెల్లు, వీధి కనిపించే కిటికీ, ఒకరు సోఫా ఎక్కిస్తే మరొకరు అరిచి దింపే కుటుంబం, అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. నెల తర్వాత తిరిగొచ్చిన కుక్కకు ఆ ఇల్లు పాత పాఠాలనే మళ్లీ నేర్పుతుంది. అందుకే మైదానం వదిలి ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాను.

మొదటిరోజు వెళ్లగానే కుక్కను పలకరించను, దాని కళ్లలోకి చూడను. ఒక పక్కగా కూర్చుని ఇంటివాళ్లతో మాట్లాడుతూ ఇల్లంతా గమనిస్తాను. కుక్క పడుకునే చోటు అందరూ నడిచే దారిలో ఉందా? అది తినేటప్పుడు పక్కన ఎవరు తిరుగుతున్నారు? నేను వచ్చానని పట్టీని ఎంత బిగించి పట్టుకున్నారు? కుక్క ఆవలించిందా, ఆకలి లేకుండానే మూతి నాక్కుందా, తల పక్కకు తిప్పుకుందా, కంటి అంచున తెలుపు కనిపిస్తోందా? ఇవన్నీ అది మాట్లాడుతున్న మాటలు. చాలా ఇళ్లలో ఆ మాటలు వినేవాళ్లే ఉండరు.

గుర్రుమంటే మూతి మీద కొట్టాలని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గుర్రుమనడం తప్పు కాదు. "దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది" అని కుక్క చెప్పగలిగినంత స్పష్టంగా చెబుతోంది. కొట్టి దాని నోరు మూయించారనుకోండి, భయం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. ఆ తర్వాత ఒకరోజు నేరుగా కరుస్తుంది. అప్పుడు అందరూ అనే మాట ఒకటే: "చెప్పాపెట్టకుండా కరిచింది." చెప్పింది. ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా దెబ్బ తిన్నది. పిల్లవాడు కుక్క మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా హత్తుకుంటే, పెద్దవాళ్లు మురిసిపోయి ఫోటోలు తీస్తారు. ఆ ఫోటోలో పిల్లవాణ్ని కాదు, కుక్కను చూడండి. ఒళ్లు కర్రలా బిగుసుకుని ఉంటుంది, నోరు గట్టిగా మూసి ఉంటుంది, చూపు మరెటో ఉంటుంది. అలాంటి ఫోటో నా చేతికిచ్చి, "ఎంత స్నేహంగా ఉండేదో, ఉన్నట్టుండి ఇలా అయింది" అని కన్నీళ్లు పెట్టుకున్న తల్లిదండ్రులను చూశాను.

ఇంకో మాట కూడా ఇంటింటా వింటాను: "ఇంట్లో పెత్తనం మనదేనని దానికి తెలియాలి కదా!" అందుకని అది తింటుండగా గిన్నె లాక్కుంటారు, వెల్లకిలా పడేసి అదిమి పట్టుకుంటారు. ఈ ఆలోచన తోడేళ్ల నుంచి వచ్చింది. జంతువుల ప్రవర్తనను పరిశీలించిన రుడాల్ఫ్ షెంకెల్, జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను గమనించి, అవి గుంపులో పెత్తనం కోసం పోటీ పడతాయని 1947లో రాసినదే దీనికి మూలం. దాన్ని తన పుస్తకంతో బాగా వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ఒకరైన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మెక్ ఆ తర్వాత స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, అడవిలో తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలేనని 1999లో రాశారు. పాత పుస్తకం ముద్రణ ఆపమని ప్రచురణకర్తలను ఆయనే అడిగారు. చెప్పినాయనే సరిదిద్దుకున్నా, మనం మాత్రం ఆ మాట పట్టుకుని కుక్కల గిన్నెలు లాక్కుంటూనే ఉన్నాం. గిన్నె లాక్కుంటే కుక్క నేర్చుకునేది గౌరవం కాదు. తింటుండగా మనిషి దగ్గరికి వస్తే తిండి పోతుందని నేర్చుకుంటుంది. కొంచెం దూరం నుంచే నడిచి వెళుతూ దానికి మరింత ఇష్టమైన ముక్క గిన్నె వైపు విసరండి. రోజులు గడిచేకొద్దీ మీ అడుగుల చప్పుడుకే తోక ఊపుతుంది.

కరెంటు షాకిచ్చే మెడపట్టీల గురించి నాకు రెండో అభిప్రాయం లేదు. బ్రిటన్‌లోని వేల్స్ వాటిని 2010లోనే నిషేధించింది. జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో, కరిచే కుక్కలతో సహా అన్నిటికీ బహుమతితో నేర్పే పద్ధతులనే వాడాలని చెప్పింది. ఇన్ని రోజుల్లో కుక్కను మార్చి చూపిస్తానని హామీ ఇచ్చే ట్రైనర్ దగ్గర, అతని చేతిలో ఏముందో ముందు చూడండి.

మరి నేను చేసేది ఏమిటి? చూడ్డానికి చాలా చిన్న పనులు. బెల్లుకు మొరిగే కుక్క అనుకుందాం. ఎవరూ రాని వేళ బెల్లు శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి, వినీ వినబడనంత చిన్నగా వినిపిస్తాం. కుక్క చెవి కదులుతుంది. మొరగకముందే, ఆ క్షణంలోనే, దాని చాప మీద ఒక ముక్క పడుతుంది. ఆలస్యమైతే ఆ ముక్క దేనికి అందిందో కుక్కకు తెలియదు. మళ్లీ శబ్దం, మళ్లీ ముక్క. శబ్దం కొద్దికొద్దిగా పెంచుతాం, మొరిగితే వెనక్కి తగ్గిస్తాం. కొన్నాళ్లకు బెల్లు మోగగానే కుక్క తలుపు వైపు కాకుండా చాప వైపు పరిగెడుతుంది. ఇందులో నాది గొప్పేమీ లేదు. రోజూ ఓపిగ్గా చేసింది ఆ ఇంటివాళ్లు.

వాళ్లతోనే నాకు పోరాటం కూడా. భోజనాల దగ్గర అడుక్కునే కుక్కకు ఇవ్వడం మానేస్తే, మొదట్లో మొరుగుడు తగ్గకపోగా పెరుగుతుంది. ఆ పోరు పడలేక ఎవరో ఒకరు ఒక ముక్క పడేస్తారు. ఇంకా గట్టిగా, ఇంకాసేపు మొరిగితే పని జరుగుతుందని అంతటితో నేర్పేసినట్టే. (ఒంటరిగా ఉండలేక భయంతో అరిచే కుక్కను మాత్రం ఇలా వదిలేయకండి. దానిది అడుక్కోవడం కాదు. అది తట్టుకోగలిగినన్ని క్షణాలే బయటికి వెళ్లి, అది కంగారుపడకముందే తిరిగి రావాలి.)

నిన్నటిదాకా సాధువుగా ఉన్న కుక్క ఈరోజు ముట్టుకుంటే కసురుకుంటోందంటే, నాకు కాదు, ముందు పశువైద్యునికి ఫోను చేయండి. చెవిపోటో, పంటినొప్పో, కీళ్ల నొప్పో ఉన్న జీవికి శిక్షణ ఇవ్వడం క్రూరత్వం. వైద్యుడు చూడకుండా అలాంటి కుక్కతో నేను పని మొదలుపెట్టను, ఎంత బతిమాలినా సరే.

నన్ను పిలిచేవాళ్లకు ఒకే షరతు. మొదటిరోజు ఇంట్లో అందరూ ఉండాలి. చాటుగా ముక్కలు పెట్టేవారు, కుక్కంటే గిట్టనివారు, ఎప్పుడూ ఇంట్లో ఉండనివారు, అందరూ. ఒక్కరికి వీలుకాకపోయినా చెప్పండి, రోజు మార్చుకుందాం.