కింద నిలబడి చెప్పడం తేలికే

ఎన్నిసార్లు చెప్పాలండీ, చెట్టు మీద మనిషి ఉన్నప్పుడు కింద నిలబడొద్దని? నిన్న వేపచెట్టు కొమ్మలు కొడుతుంటే ఆ ఇంటాయన సరిగ్గా కొమ్మ కిందే నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. పైగా సలహాలు! "తాళ్లు కట్టుకుంటూ కూర్చుంటే ఎప్పటికయ్యేను? మొదలంటా కోసెయ్."

మొదలంటా ఎలా కోస్తాం? కొమ్మ పుట్టేచోట ఉబ్బెత్తుగా మెడలా ఉంటుంది. దాన్ని వదిలి కోస్తేనే గాయం పూడుతుంది. పెద్ద కొమ్మయితే ముందు కిందనుంచి గాటు పెట్టాలి, తర్వాతే పైనుంచి కోత. లేకపోతే బరువుకి విరిగి బెరడు మానుదాకా చీలిపోతుంది. ఆ చెట్టు మీ సొంతమే కదా, మీకు నొప్పి లేదా?

పక్కనే కరెంటు తీగ. లైన్‌మన్‌కి చెప్పి సరఫరా ఆపించమంటే, "ఏం కాదులే" అంటాడు. ఎవరికి ఏం కాదు?

మావాళ్లూ తక్కువేం కాదు. హెల్మెట్ ఇస్తే "ఉక్కపోస్తోందన్నా" అని కొమ్మకి తగిలిస్తారు. రంపం పళ్లు మొద్దుబారి చెక్కపేళ్లకి బదులు పొడి రాలుతున్నా ఆకురాయి పట్టరు, బలంగా అదుముతారు. మా రంపం మిషన్‌కి లీటరు పెట్రోలులో 20 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిల్ కలపాలి. మొన్న అడిగి పట్టుకెళ్లినవాడు వట్టి పెట్రోలు పోశాడు. పిస్టన్ పట్టేసింది. "ముందునుంచే అలా ఉందన్నా" అట!

రేపు పొద్దున ఆరింటికి పని ఒప్పుకున్నాను. మిషనేమో రిపేరు షాపులో ఉంది.