సవరణ: తిరుమల దర్శనాలు మళ్లీ మొదలైన తేదీ

కరోనా కాలంలో తిరుపతి వ్యాపారాల గురించి రాసిన పోస్టులో "2020 జూన్ 8న గుడి తెరవగానే భక్తులు వచ్చారు" అని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: మార్చి 20న ఆగిన దర్శనాలు జూన్ 8న మొదలైనా, ముందు టీటీడీ ఉద్యోగులకు, ఆపై తిరుమల స్థానికులకే. బయటి భక్తులకు జూన్ 11 నుంచి. స్వామివారి కైంకర్యాలు మాత్రం ఆగలేదు, ఏకాంతంగా జరిగాయి.

తేదీ కన్నా ముఖ్యం సంఖ్య. మామూలుగా రోజుకు 60 వేలకు పైగా వచ్చే కొండకు మొదట్లో దాదాపు 6 వేల మందికే అనుమతి. పదేళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దవాళ్లు రాకూడదని అప్పట్లో నిబంధన. పిల్లాపాపలతో, ముసలివాళ్లతో వచ్చే కుటుంబాలే కదా మన లాడ్జీలకు, జీపు డ్రైవర్లకు, చిన్న హోటళ్లకు బేరం! అందుకే "గుడి తెరిచారు, ఇంక టెన్షన్ లేదు" అన్న వాక్యం తీసేశాను.