ఎనిమిదో తరగతిలో ఆ నలభై నిమిషాలు

మా పాప తిరుపతిలో సిస్టర్లు నడిపే ఒక బళ్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన నెల బడి నుంచి ఒక కాగితం వచ్చింది. జనవరి నుంచి వారానికి రెండు మోరల్ సైన్స్ పీరియడ్లనూ ఫౌండేషన్ మ్యాథ్స్‌కు కేటాయిస్తున్నామని, తల్లిదండ్రులు చాలామంది కోరినందుకే ఈ మార్పు చేశామని అందులో రాశారు. వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమంతా చప్పట్ల బొమ్మలే. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఈ మార్పు తప్పు. మా బడి సంగతి ఒక్కటే అయితే లోపలికి వెళ్లి మాట్లాడుకునేవాణ్ణి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కాన్వెంట్లలోనూ ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) స్కూళ్లలోనూ పిల్లల్ని చదివిస్తున్న బంధుమిత్రులు ఎవర్ని అడిగినా ఇదే మాట చెబుతున్నారు కాబట్టి బహిరంగంగా రాస్తున్నాను.

ఎనిమిదో తరగతి గురించి మనం పెద్దగా ఆలోచించం. ఏడు అయింది, ఎనిమిది వచ్చింది, అంతే. కానీ ఈ దేశ చట్టం లెక్కలో అది ఒక గడప. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును హక్కు చేసింది. ఆ హక్కు ఎనిమిదో తరగతితో ఆగుతుంది. 2020 జాతీయ విద్యావిధానంలోనూ 6, 7, 8 తరగతులు ఒక దశ. ఆ తర్వాత తొమ్మిదిలో అడుగుపెట్టిన మొదటి రోజు నుంచే ఇంట్లో పదో తరగతి టెన్షన్ మొదలవుతుంది. లీలామహల్ సెంటర్‌లో ఆరు వందలకు ఎవరికెన్ని వచ్చాయో చెప్పే ఫ్లెక్సీల మీద మన పిల్ల ఫొటో ఉంటుందా, ఉండదా అన్నదే ఆ రెండేళ్ల బతుకు. కాబట్టి తీరిగ్గా కూర్చుని 'ఇది న్యాయమేనా?' అని అడిగే వీలున్న చివరి ఏడాది ఎనిమిదే.

అడగాలనిపించే వయసూ అదే. పదమూడేళ్లకు పిల్లలకు పెద్దవాళ్ల మాటకూ చేతకూ మధ్య తేడా కనబడుతుంది. నాన్న ఫోన్‌లో 'ఊళ్లో లేను' అని చెప్పడం వింటారు. సైన్సు పుస్తకంలో కౌమార దశ పాఠం వస్తుంది, చాలా బళ్లలో దాన్ని 'ఇంట్లో చదువుకోండి' అని దాటేస్తారు. లెక్కల్లో చక్రవడ్డీ వస్తుంది. ఈ చక్రవడ్డీ దగ్గర కొంచెం ఆగాలి. అసలు కథ అక్కడే ఉంది.

మా పాప మోరల్ సైన్స్ నోటు బ్రౌన్ అట్ట వేసిన లాంగ్ సైజు పుస్తకం. ముందు పేజీలన్నీ ఇంగ్లిష్‌లోనే. ఖాళీలు పూరించండి, జతపరచండి, నిజాయతీ గురించి ఐదు వాక్యాలు రాయండి. అందరి నోట్లోనూ అవే ఐదు వాక్యాలు ఉంటాయి, సందేహం లేదు. సెప్టెంబరులో ఒక పేజీ దగ్గర మాత్రం వరస మారింది. ఆ రోజు సిస్టర్ పుస్తకం మూసి, బోర్డు మీద తెలుగులో ఒక ప్రశ్న రాసిందట. 'మీ ఇంట్లో పని చేసే మనిషి పేరేమిటి? ఆమె పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు? అడిగి తెలుసుకుని రండి.' సిస్టర్‌ది కేరళ. ఆమె తెలుగులో మలయాళం యాస స్పష్టంగా వినబడుతుంది. అయినా ప్రశ్న తెలుగులోనే రాసింది.

మా ఇంట్లో అంట్లు తోమడానికి కొర్లగుంట నుంచి ఒకామె వస్తుంది. మా పాప వంటింటి గుమ్మంలో నోటు పట్టుకుని నిలబడింది. 'అక్కా, నీ కొడుకు ఏ స్కూలు?' అని మొదలుపెట్టింది. 'ఏం పాపా, అదంతా నీకెందుకు?' అని ఆమె నవ్వింది. కాసేపటికి గిన్నె పక్కన పెట్టి చెప్పింది. కొడుకు ప్రైవేటు బళ్లో ఆరో తరగతి. జూన్‌లో ఫీజు కోసం పదివేలు అప్పు తెచ్చింది, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆమె ఆరేళ్లుగా మా ఇంటికి వస్తోంది. ఈ సంగతి నాకూ, మా ఆవిడకూ తెలియదు. మా పాప నోట్లో ఉంది.

ఆ రాత్రి లెక్కల పుస్తకం తీసింది. నూటికి నెలకు మూడంటే ఏడాదికి ముప్పై ఆరు శాతం. పదివేలకు 3,600. కట్టలేని వడ్డీని నెలనెలా అసల్లో కలుపుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి బాకీ 14,258. రెండుసార్లు వేసి చూసుకుంది. 'నాన్నా, బ్యాంకులో మనకు ఏడు రూపాయలేగా ఇచ్చేది?' అంది. అప్పటిదాకా చక్రవడ్డీ దానికి ఒక సూత్రం మాత్రమే. ఆ రాత్రి నుంచి అది అంట్లు తోమే అక్క బాకీ.

తర్వాతి వారం క్లాసులో ఏం జరిగిందో పాప చెప్పినంతే నాకు తెలుసు. ఎవరి కాగితం వాళ్లు చదివారు. వడ్డీ మాట వచ్చేసరికి ఒక అబ్బాయి లేచాడు. 'మా నాన్న ఫైనాన్స్ చేస్తాడు. మా నాన్న ఇవ్వకపోతే వాళ్లకు ఎవరిస్తారు? బ్యాంకు ఇస్తుందా?' అన్నాడు. క్లాసు రెండుగా చీలింది. ఇవ్వడం సాయమే కదా అని కొందరు, ఆకలి చూసి రేటు పెంచడం సాయమెట్లా అవుతుందని కొందరు. ఒక పిల్ల, వాళ్లమ్మ పొదుపు సంఘం లీడరట, సంఘం అప్పుకు వడ్డీ ఎంతో చెప్పింది. సిస్టర్ తీర్పు ఏమీ చెప్పలేదు. ఆ అబ్బాయిని ఎవరూ వెక్కిరించకుండా మాత్రం చూసుకుంది. నలభై నిమిషాలు అయ్యాక బెల్లు కొట్టారు, వాదన మెట్ల మీద కూడా సాగిందట.

నేను ఇరవై ఏళ్లుగా ఆర్థిక వార్తలు చదువుతున్నాను. రాయలసీమ పల్లెల్లో అప్పు ఎలా పనిచేస్తుందో ఇంత సూటిగా మాట్లాడుకున్న చర్చలు వేళ్ల మీద లెక్కపెట్టగలను. పదమూడేళ్ల పిల్లలు దాన్ని తమ ఇళ్ల నుంచే తెచ్చుకున్నారు. ఎలా సాధ్యమైంది? ఒక కారణం, ఆ పీరియడ్‌కు మార్కుల్లేవు. మార్కులుంటే ఆ అబ్బాయి లేచేవాడే కాదు. 'వడ్డీ వ్యాపారం తప్పు' అని రాసి ఐదుకు ఐదు తెచ్చుకుని, ఇంటికెళ్లి నాన్న పక్కన అన్నం తినేవాడు. ఏది రాస్తే మార్కులు పడతాయో పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. మార్కు పోతుందన్న భయం లేని చోటే వాళ్లు అనుకున్నది పైకి అంటారు.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. ఆ ప్రశ్న తెలుగులో వచ్చింది. అదే ప్రశ్నను పాఠ్యపుస్తకం ఇంగ్లిష్‌లో అడిగి ఉంటే మా పాప పనివాళ్ల గౌరవం మీద ఐదు వాక్యాలు రాసి పెన్ను మూసేది. వంటింటి గుమ్మం దాకా వెళ్లేది కాదు. పిల్లలు చెల్లెలితో పోట్లాడేది తెలుగులో. అమ్మ మీద అలిగేది, అబద్ధం చెప్పి దొరికిపోయేది తెలుగులో. తప్పొప్పులు వాళ్లకు తెలిసింది ఆ భాషలోనే. వాటిని తర్కించమని మరో భాష చేతికిస్తే వచ్చేవి కంఠతా పట్టిన వాక్యాలే.

ఈ విషయం కతోలిక సభకు ఎవరో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1963లో రెండో వాటికన్ మహాసభ ఆరాధనలో స్థానిక భాషలకు తలుపు తెరిచింది. అంతకుముందు లాటిన్‌లో జరిగిన పూజ ఇవాళ మన ఊళ్ల చర్చిల్లో తెలుగులో జరుగుతోంది. దేవుడి మాట మనిషికి అందాలంటే అమ్మ భాషలో చెప్పాలని గ్రహించిన సభ అది. ఇంకా వెనక్కి వెళ్తే, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్ పాదిరీలు మన పుంగనూరులో మకాం పెట్టి తెలుగు నేర్చుకున్నారు. వాళ్ల బృందం పేరు కర్ణాటక మిషన్. అదే మిషన్‌లో పనిచేసిన కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న చుట్టరికం గురించి 1767లోనే పారిస్‌కు రాశాడు. ఆ చుట్టరికం కనిపెట్టిన పండితుడిగా పేరున్న విలియం జోన్స్ ఆ మాట చెప్పింది 1786లో. ఇంత చరిత్ర ఉన్న సంస్థలు చర్చిలో తెలుగు ఉంచి, ఆ గోడకు ఇవతలి బళ్లో నీతిని ఇంగ్లిష్‌లో వల్లె వేయించడం ఏమిటి?

ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి. ఇంగ్లిష్ కోసం, ర్యాంకు కోసమే కదా అంత ఫీజు కట్టి కాన్వెంటుకు పంపుతున్నది అని తల్లిదండ్రులు అంటున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు, నాకూ ఉంది. కానీ వారానికి ఎనభై నిమిషాల అదనపు లెక్కలతో ఐఐటీ రాదు. సాయంత్రం ట్యూషన్ ఎటూ ఉంది. ఇది పుణ్యక్షేత్రం, మోరల్ సైన్స్ పేరుతో మతం చెబుతున్నారేమో అని అనుమానించేవాళ్లూ ఉన్నారు. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం గుర్తింపు పొందిన ఏ బడీ సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు కూర్చోబెట్టడానికి వీల్లేదు. మా బళ్లో కతోలిక పిల్లలకు సత్యోపదేశం, అంటే వాళ్ల మతపాఠం, పక్క గదిలో జరుగుతుంది. అనుమానం ఉంటే మీ పిల్లల నోటు తెరిచి చదవండి. మాది రోజూ సంకీర్తనలు వినబడే ఇల్లు, నేను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను.

నిజానికి ఈ వయసు పిల్లలకు విలువలు చెప్పాలని తిరుపతిలో అందరికన్నా గట్టిగా నమ్మేది టీటీడీనే. శుభప్రదం పేరుతో వేసవి సెలవుల్లో శిక్షణ తరగతులు పెట్టింది అందుకే. కొండ కింద ఇటు దేవస్థానం, అటు సిస్టర్లు ఒకే వయసు పిల్లల గురించి ఒకే బెంగ పడుతున్నారంటే ఆ బెంగలో నిజం ఉన్నట్టే.

ఇక్కడ పెద్ద విషయం ఒకటి ఉంది. 2019లో ప్రభుత్వ బళ్లలో ఇంగ్లిష్ మీడియం పెట్టాలని జీవో 81 వచ్చినప్పుడు దాని మీద మనం రాష్ట్రమంతా కొట్టుకున్నాం. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గొడవలో అందరం ఉద్యోగాల గురించే మాట్లాడాం. ఏ భాషలో చదివితే కొలువు వస్తుంది అన్నదే ప్రశ్న. ఏ భాషలో పిల్లలు 'ఇది అన్యాయం' అనగలరు అని ఎవరం అడగలేదు. లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో చదవనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. విద్యావిధానం వీలైతే ఎనిమిదో తరగతి వరకు, ఆపైనా ఇంటి భాషలో బోధించమంటోంది. అంత దూరం వెళ్లే ధైర్యం మనకు లేదనుకుందాం. కనీసం పౌరనీతి, కౌమార దశ, ఈ నీతి పీరియడ్ తెలుగులో జరగాలి. చిత్తూరు సరిహద్దు మండలాల్లో ఇంటి భాష తమిళమైతే తమిళంలో మాట్లాడుకోనివ్వాలి. తెలుగులో వాదించడం రాని తరం పెద్దయ్యాక పంచాయతీలో, కోర్టులో, ఆస్పత్రిలో తనకు అన్యాయం జరిగితే మాట పెగలక నిలబడుతుంది. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలు రుయా ఆస్పత్రి కౌంటర్ దగ్గర అమ్మ తరఫున నాలుగు మాటలు మాట్లాడలేక నీళ్లు నమలడం నేను చూశాను.

ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ ఆర్‌సీఎం స్కూళ్ల కష్టం వేరు, అది ఒప్పుకోవాలి. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ కోసం ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాస్తారు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000, నాలుగేళ్లకు 48,000. ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటని పిల్లలకే ఆ అవకాశం. కూలి చేసుకునే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఆ కోచింగ్‌ను నేను తప్పు పట్టను. కానీ పరీక్ష అయిపోయాక కూడా ఆ పీరియడ్ తిరిగి రావడం లేదని ఒక రిటైర్డ్ మాస్టారు చెప్పారు. టైంటేబుల్‌లో ఒకసారి పోయిన గంట మళ్లీ ఎవరికీ గుర్తుకు రాదని కూడా అన్నారు.

వచ్చే శనివారం పది గంటలకు మా బళ్లో తల్లిదండ్రుల సమావేశం ఉంది. బ్రౌన్ అట్ట నోటు తీసుకెళ్తున్నాను. పాపను అడిగే తీసుకెళ్తున్నాను, సెప్టెంబరు పేజీ చదవొచ్చు అంది. అక్క పేరు మాత్రం చదవొద్దంది. 'అప్పు సంగతి నలుగురిలో చెప్తే అక్కకు బాధ కదా నాన్నా' అంది.